పై అంతస్తు వైఫై 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోంది, 5 గిగాహెర్ట్జ్ మధ్యమధ్యలో మాయమవుతోంది

#1 · పైగది

నమస్కారం. మళ్ళీ మళ్ళీ అడగాల్సిన పని లేకుండా సెటప్ మొత్తం ముందే రాసేస్తున్నాను.

కింది అంతస్తులో ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన బాక్సు ఉంది, వైఫై కూడా అందులోనే. దాని అడ్రస్ 192.168.1.1. ప్లాన్ 300 ఎంబీపీఎస్. అక్కణ్ణుంచి సుమారు 18 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ గోడలోని పైపు గుండా పై అంతస్తుకి వెళ్ళి రెండో రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టు) దిగుతుంది. పైన ఉన్నది వైఫై 6 రకం. రెండింటికీ మధ్య కాంక్రీట్ స్లాబు.

ఇబ్బందులు నాలుగు. కింద 5 గిగాహెర్ట్జ్‌లో (2.4 కన్నా వేగమైన వైఫై బ్యాండ్) 280 దాకా వస్తుంది, పైన మాత్రం రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో కూర్చున్నా 94 దాటదు. పైన 5 గిగాహెర్ట్జ్ పేరు రోజుకు ఒకటి రెండు సార్లు లిస్టులోంచి పోయి, కొన్ని నిమిషాలకి దానంతటదే తిరిగొస్తుంది. ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే అది పై రౌటర్‌కి మారదు, కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది. కింద ఉన్న ప్రింటర్ పైన ల్యాప్‌టాప్‌కి కనబడదు. రీసెట్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రెండూ అయిపోయాయి. కొత్త రౌటర్ కొనక తప్పదా?

#2 · ఐదుగిగా

ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు రాసిన నాలుగింటికీ మూలం ఒకటే అయ్యుండదు, కాబట్టి ఒక్క వస్తువు కొంటే నాలుగూ పోవు. ముందు ఈ వివరాలు చూసి చెప్పండి.

పై రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ పోర్టు లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోంది? దానికి వచ్చిన వ్యాన్ అడ్రస్ ఏది? 5 గిగాహెర్ట్జ్ ఏ ఛానల్ (ఆ బ్యాండ్‌లోని ఒక ముక్క) మీద, ఎంత వెడల్పుతో నడుస్తోంది? పై గదిలో నిలబడి వైఫై అనలైజర్ యాప్‌లో చూస్తే కింది బాక్సు ఎన్ని డీబీఎం, పై రౌటర్ ఎన్ని డీబీఎం? డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. ఫోన్‌లో కనిపించే గీతల లెక్క వద్దు. గీతలు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి.

#3 · పైగది

వ్యాన్ పోర్టు: 100 ఎంబీపీఎస్, ఫుల్ డ్యూప్లెక్స్. వ్యాన్ అడ్రస్ 192.168.1.4, పై రౌటర్ సొంత అడ్రస్ 192.168.0.1. ఛానల్ ఆటోలో ఉంది, ఇప్పుడు 100 మీద, 80 మెగాహెర్ట్జ్. పై గదిలో 5 గిగాహెర్ట్జ్ కింది బాక్సు −66, పై రౌటర్ −41. ల్యాప్‌టాప్ వైఫై లింక్ స్పీడ్ 1201 అని ఉంది.

#4 · రాగితీగ

స్పీడ్ సంగతి ఇక్కడే తేలిపోయింది. గాలిలో 1201 లింకు ఉన్నప్పుడు, అందులో సగం పోయినా 600 రావాలి. మీ అడ్డంకి వైఫై కాదు. వైరు చేసిన పాపం గాలి మీద వేస్తున్నాం.

94 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. 100 ఎంబీపీఎస్ వైరు మీద 1500 బైట్ల ప్యాకెట్ పంపాలంటే హెడర్లు (చిరునామా రాతలు), ప్యాకెట్ల మధ్య ఖాళీ కలిపి 1538 బైట్ల చోటు పడుతుంది. అందులో మీ ఫైలుకి చెందినది 1448 బైట్లు. భాగిస్తే నూటికి 94. అందుకే స్పీడ్ టెస్ట్ ప్రతిసారీ 93, 94 మధ్య గీత గీసినట్టు ఆగిపోతే ఎక్కడో ఒక పోర్టు 100కి దిగిపోయిందని అర్థం. వైఫై బలహీనత ఇంత నిలకడగా ఉండదు. ఒకసారి 60, ఒకసారి 130, అలా ఊగుతుంది.

ఎందుకు దిగుతుంది? గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్‌లోని నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు, పిన్నులు 1-2, 3-6. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ పిన్నుకి సరిగా తగలకపోతే చాలా పోర్టులు గిగాబిట్ వదిలేసి 100 మీద స్థిరపడతాయి. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

ముందు పోర్టులు మంచివో కావో తేల్చుకోండి. పై రౌటర్‌ని కిందికి తెచ్చి, ఒక మీటరు రెడీమేడ్ ప్యాచ్ కేబుల్‌తో బాక్సుకి కలపండి. స్టేటస్ పేజీలో 1000 చూపిస్తే తప్పు ఆ 18 మీటర్లలోనే ఉంది. అప్పుడూ 100 అంటే కింది బాక్సులో ఇంకో ల్యాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలు కలిపేది) మార్చి చూడండి. కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100.

తప్పు కేబుల్‌దే అయితే పదింట తొమ్మిది సార్లు దోషం ప్లగ్గులోనే ఉంటుంది, గోడలో కాదు. గోడ తవ్వే ఆలోచన పెట్టుకోకండి. ఒక చివర ప్లగ్గు కోసేసి కొత్తది క్రింప్ చేయండి, అంటే టూల్‌తో నొక్కి బిగించండి. లింక్ 1000కి రాకపోతే రెండో చివర.

పైతొడుగు 3 సెంటీమీటర్లు ఒలవండి. బ్లేడు లోపలి తీగల ప్లాస్టిక్‌ని గీరకూడదు, గీరితే అక్కడికి కోసేసి మళ్ళీ మొదలుపెట్టండి. జతలు విప్పి వేళ్ళతో సాపు చేసి ఈ వరసలో పేర్చండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్లగ్గు క్లిప్పు కిందికి, బంగారు పిన్నులు పైకి, కేబుల్ మీ వైపు నుంచి లోపలికి వెళ్ళేలా పట్టుకుంటే ఎడమ చివరిది 1వ పిన్ను. పేర్చిన తీగల్ని 12, 13 మిల్లీమీటర్లు మిగిలేలా ఒక్క కోతతో సమంగా కత్తిరించి లోపలికి నెట్టండి. ప్లగ్గు ముందువైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనబడాలి. పైతొడుగు ప్లగ్గు లోపలి నొక్కు కిందికి దిగాలి, అప్పుడే లాగినా తీగల మీద బరువు పడదు. క్రింపింగ్ టూల్ పూర్తిగా మూసుకునేదాకా నొక్కండి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. రంగుల్ని జత పక్కన జతగా, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని పేర్చడం. రెండు చివరలా ఒకేలా పెట్టాను కదా, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి కదా అంటారు. ఆ టెస్టర్ కరెంటు పోతోందా లేదా అని మాత్రమే చూస్తుంది. 3, 6 పిన్నులు ఒకే మెలికలోని తీగలు కావాలి. విడివిడి మెలికల్లోంచి వస్తే పక్క జత రొద అందులోకి దూరుతుంది. ఒక మీటరులో తెలియదు, 18 మీటర్లకి లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. నీలం జత మధ్యలో, ఆకుపచ్చ దాన్ని అటూ ఇటూ కాస్తూ ఉండే వింత వరస అందుకే.

పాత ప్లగ్గు కోసినప్పుడు తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి కన్నా నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే విరిగిపోతుంది. అలాంటిదైతే ఎన్నిసార్లు క్రింప్ చేసినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇక్కడికే వస్తారు. అప్పుడు మాత్రం పైపులోంచి పాతది లాగుతూ దాని తోకకే కొత్తది కట్టి మార్చేయండి. పూర్తి రాగి, ఒంటి తీగ రకం, క్యాట్ 5ఈ శ్రేణి కేబుల్ చాలు. గిగాబిట్‌ని అది 100 మీటర్ల దాకా మోస్తుంది. క్యాట్ 6 వేస్తే మంచిదే, కానీ ఈ ఇబ్బందికి అవసరం లేదు. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దూర్చకండి.

#5 · దూరవాణి

ఇంత శ్రమ ఎందుకు? కేబుల్ తీసేసి పైన ఒక రిపీటర్ పెట్టుకుంటే సరిపోదా?

#6 · ఐదుగిగా

సరిపోదు. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ ఒకసారి విని, అదే ఛానల్‌లో మళ్ళీ పలకాలి. ఒకే మాటకి గాలి రెండుసార్లు ఖర్చు, కాబట్టి వేగం దాదాపు సగం. కిందితో 5లో, మీతో 2.4లో మాట్లాడే రకమైతే సగమయ్యే బాధ తప్పుతుంది గానీ 2.4 వేగానికి కట్టుబడాలి. సిగ్నల్ చచ్చిపోయిన చోట రిపీటర్ పెట్టడం ఇంకో పొరపాటు. దానికి మూలం సిగ్నల్ −60, −65 దగ్గర అందాలి, అంటే సగం దూరంలో ఉండాలి. మెష్ సెట్లకీ (తమలో తాము వైఫైలోనే మాట్లాడుకునే రౌటర్ల జట్టు) ఇదే సూత్రం.

చేతిలో 18 మీటర్ల కేబుల్ ఉన్నవాళ్ళకి రిపీటర్ సలహా ఇవ్వకూడదు. గోడలో ఆ పైపు లేక ఎంతమంది అవస్థ పడుతున్నారో!

#7 · ప్యాకెట్‌పరీక్ష

ప్రింటర్ సంగతి నేను చెబుతాను. పై రౌటర్ వ్యాన్ అడ్రస్ 192.168.1.4 అంటే అది కింది బాక్సుకి ఒక అతిథి మాత్రమే. దాని వెనక మళ్ళీ 192.168.0 అనే వేరే కాపురం. రౌటర్ మీద రౌటర్, అంటే డబుల్ నాట్ (పరికరాలన్నిటినీ ఒకే అడ్రస్ వెనక దాచే పని రెండుసార్లు జరగడం). ప్రింటర్లు, టీవీలు తమ ఉనికిని 224.0.0.251 అనే అడ్రస్‌కి కేకేసి చెబుతాయి. ఆ కేక ఒక నెట్‌వర్క్ గడప దాటదు, రౌటర్ దాన్ని అవతలికి పోనివ్వదు. ఆన్‌లైన్ ఆటల్లో కనెక్షన్ తకరారు కూడా సాధారణంగా ఇక్కడిదే.

పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే అది అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇస్తుంది. మెనూలో ఆ ఆప్షన్ ఉంటే నొక్కి రీస్టార్ట్ చేస్తే చాలు, కేబుల్ వ్యాన్ పోర్టులోనే ఉండొచ్చు. లేకపోతే చేత్తో చేయాలి, వరస తప్పకూడదు. ముందు కింది బాక్సు కేబుల్ పీకేసి, ల్యాప్‌టాప్‌ని పై రౌటర్ ల్యాన్ పోర్టుకి కలపండి. రౌటర్ సొంత అడ్రస్‌ని 192.168.1.2కి మార్చి సేవ్ చేయండి. కొత్త అడ్రస్‌తో మళ్ళీ లాగిన్ అయ్యి డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకి అడ్రస్‌లు పంచేది) ఆపేయండి. ఆ తర్వాతే కిందినుంచి వచ్చే కేబుల్‌ని ల్యాన్ పోర్టులో పెట్టండి, వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. కింది బాక్సు డీహెచ్‌సీపీ పంచే అడ్రస్‌ల వరస 192.168.1.10 నుంచి మొదలయ్యేలా చూసుకుంటే 1.2 ఇంకెవరికీ పోదు.

డీహెచ్‌సీపీ ఆపకుండా కేబుల్ కలిపితే ఇంట్లో ఇద్దరు అడ్రస్‌లు పంచుతారు. కొన్ని పరికరాలు పై రౌటర్‌నే గేట్‌వే (బయటికి వెళ్ళే దారి) అనుకుని దానికి పంపిస్తాయి, అక్కడినుంచి బయటికి దారి లేదు. 'వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు' అన్న ఫిర్యాదు అలా పుడుతుంది. ఇంకోటి, రెండు పెట్టెల మధ్య ఒకే ఒక్క కేబుల్ ఉండాలి. ఖాళీగా ఉంది కదా అని రెండోది కూడా గుచ్చితే ప్యాకెట్లు గానుగెద్దులా చుట్టూ తిరిగి ఇంటి నెట్ మొత్తం స్తంభిస్తుంది.

#8 · ఐదుగిగా

ఇక మాయమయ్యే 5 గిగాహెర్ట్జ్. మీ ఛానల్ 100. 52 నుంచి 64 దాకా, 100 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళని వాతావరణ రాడార్లు, ఇతర రాడార్లు కూడా వాడుకుంటాయి. ఆ ఛానళ్ళ మీద మన రౌటర్ అద్దెకున్నట్టే, హక్కు రాడార్‌ది. వాటిలోకి వెళ్ళేముందు కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. యూరప్ నియమాల్లో 120 నుంచి 128 మీద అయితే 10 నిమిషాలు. నడుస్తుండగా రాడార్ లాంటి పల్స్ వినబడితే 10 సెకన్లలో ఖాళీ చేసి, 30 నిమిషాలు ఆ ఛానల్ వైపు చూడకూడదు. ఆటోలో ఉన్న రౌటర్ అక్కణ్ణుంచి ఇంకో రాడార్ ఛానల్‌కే దూకితే మళ్ళీ 60 సెకన్ల మౌనం. మీకు పేరు కనబడని ఆ నిమిషాలు ఇవే. సిస్టమ్ లాగ్‌లో రాడార్ అన్న మాట వెతికితే సమయంతో సహా దొరుకుతుంది. ఊళ్ళో రాడార్ లేకపోయినా పక్కింటి పరికరం రొదని రాడార్‌గా పొరబడే రౌటర్లూ ఉన్నాయి.

ఆటో తీసేయండి. కింది బాక్సుని 36కి, పై రౌటర్‌ని 149కి కట్టేయండి, రెండూ 80 మెగాహెర్ట్జ్. మీ రౌటర్ లిస్టులో 149 లేకపోతే మీ దేశంలో దానికి అనుమతి లేకపోవచ్చు. అప్పుడు వెడల్పు 40కి తగ్గించి కింద 36, పైన 44. 40 మెగాహెర్ట్జ్‌లో కూడా వైఫై 6 లింకు 570 దాటుతుంది, 300 ప్లాన్‌కి అది ధారాళం. ఛానళ్ళ కోసం రౌటర్‌లో దేశం పేరు మార్చొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా మీ ఫోన్ ఆ ఛానల్‌ని వినకపోవచ్చు. 160 ఊసు కూడా వద్దు. 36 దగ్గర మొదలయ్యే 160 మెగాహెర్ట్జ్ 64 దాకా పరుచుకుంటుంది, సగం రాడార్ నేల మీదే.

2.4 గిగాహెర్ట్జ్‌లో కింద 1, పైన 11, వెడల్పు 20 మాత్రమే. ఛానళ్ళ నడుమ దూరం 5 మెగాహెర్ట్జ్, సిగ్నల్ వెడల్పు 20. అందుకే 1, 6, 11 మాత్రమే ఒకదాన్నొకటి తొక్కుకోవు. 3లోనో 4లోనో ఖాళీ ఉందని దూరితే రెండు వైపుల రొదా మీదే. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు కనీసం ఒకరి మాట ఒకరు విని వంతులేసుకుంటాయి. సగం సగం ఒరుసుకునే ఛానల్‌లోని మాట రొదలాగే వినబడుతుంది, దానితో వంతులు కుదరవు.

ఫోన్ వేలాడటం. రౌటర్ మారాలా వద్దా అన్న నిర్ణయం ఫోన్‌ది, రౌటర్‌ది కాదు. ఐఫోన్ −70 దాకా వేరే రౌటర్ కోసం వెతకడమే మొదలుపెట్టదు, మిగతావాటికీ అలాంటి గడపే ఉంటుంది. మీ పై గదిలో కింది సిగ్నల్ −66. పక్కనే −41 ఉన్నా ఫోన్ దృష్టిలో ఉన్నది బాగానే ఉంది, వెతకాల్సిన అగత్యం లేదు. కాబట్టి పై రౌటర్ బలం పెంచడం కాదు, కింది బాక్సు బలం తగ్గించాలి. 6 డీబీ తగ్గిస్తే −72 అవుతుంది, గడప దాటుతుంది. మెనూలో డీబీఎం బదులు శాతాలుంటే 25 శాతం అంటే 6 డీబీ తగ్గినట్టు, 50 శాతం అంటే 3 డీబీ. కింది గదుల్లో చివరి మూల −65 కన్నా దిగకుండా చూసుకోండి. 2.4ని 5 కన్నా ఇంకో 6 డీబీ తక్కువలో ఉంచండి. అది గోడల్ని సులువుగా దాటుతుంది, ఫోన్లు దాన్నే పట్టుకుని కూర్చుంటాయి.

రెండు చోట్లా పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఛానళ్ళు మాత్రం వేరు.

#9 · ప్యాకెట్‌పరీక్ష

బలం తగ్గించే మెనూ చాలా బాక్సుల్లో ఉండదు. అలాంటప్పుడు కొందరు పై రౌటర్‌లోనో కింద బాక్సులోనో 'కనీస సిగ్నల్' ఆప్షన్ −75 అని పెడతారు, అంతకన్నా బలహీనమైన ఫోన్‌ని రౌటర్ గెంటేస్తుంది. మెట్ల మీద ఫోన్ మారడానికి ఇది పనికొస్తుంది.

#10 · ఐదుగిగా

నేను ఒప్పుకోను. గెంటినా ఫోన్ మళ్ళీ అదే తలుపు తట్టొచ్చు, ప్రతి తోపుకీ కాల్ తెగుతుంది. దూరపు మూలలో ఉన్న కెమెరానో స్మార్ట్ ప్లగ్గో ఇంకెక్కడికీ పోలేక రోజంతా తలుపు దగ్గరే పడిగాపులు పడుతుంది. మెనూ లేకపోతే కింది బాక్సుని మెట్లకి దూరంగా, ఇంకో గోడ అవతలికి జరపడం మేలు. ఒక ఇటుక గోడ అడ్డొస్తే కొన్ని డీబీలు ఊరికే తగ్గుతాయి.

#11 · నిదానం

ఈ చర్చ చదివి నా రౌటర్‌లోనూ రెండు బ్యాండ్లకి ఒకే పేరు పెట్టాను, తెలుగులో. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (వైఫై తాళంలో కొత్త తరం). ఇప్పుడు కొత్త స్మార్ట్ ప్లగ్ కనెక్ట్ కావడం లేదు. ఇంకో సంగతి, పేరులో చివరి అక్షరాలు సేవ్ కావడం లేదు, పాస్‌వర్డ్ అసలు తెలుగులో తీసుకోవడం లేదు.

#12 · ప్యాకెట్‌పరీక్ష

పేరు సంగతి ముందు. వైఫై పేరుకి 32 అక్షరాలు అంటారు గానీ నిజానికి 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తు మూడు. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. 'స్త్రీ' ఒక్క అక్షరమే అనిపిస్తుంది, లెక్కలో ఆరు గుర్తులు, 18 బైట్లు. కాబట్టి మొత్తం పది గుర్తులకే చోటు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 దాకా, ఇంగ్లిష్ కీబోర్డు మీది అక్షరాలు, అంకెలు, గుర్తులు మాత్రమే. తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ లిపిలో, మధ్యలో అంకెలు కలిపి 15, 20 అక్షరాలు రాస్తే గుర్తుండిపోతుంది, గట్టిగానూ ఉంటుంది.

ఫోన్లు తెలుగు పేరుని బాగానే చూపిస్తాయి. చిన్న పరికరాలు కొన్ని తడబడతాయి, అందుకని వాటికోసం ఇంగ్లిష్ లిపిలో చిన్న పేరుతో విడిగా ఒక 2.4 నెట్‌వర్క్ తెరవండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 (దాని ముందు తరం), ఏఈఎస్ (గుప్తీకరణ పద్ధతి). స్మార్ట్ ప్లగ్గుల్లో అత్యధికం 2.4 తప్ప వేరే బ్యాండ్ ఎరగవు, చాలావాటికి డబ్ల్యూపీఏ3 రాదు. ఛానల్ 12, 13 వాడకండి, కొన్ని పరికరాలు 11 దాటి వినవు. సెటప్ చేసేటప్పుడు ఫోన్ కూడా ఆ 2.4 పేరు మీదే ఉండాలి.

టీకేఐపీ అని ఇంకో పాత గుప్తీకరణ ఆప్షన్ కనిపిస్తుంది, పాత పరికరాల కోసమని దాన్ని ముట్టుకోకండి. టీకేఐపీతో కలిసిన పరికరానికి వేగం 54 దాటకూడదని ప్రమాణంలోనే ఉంది. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు బటనుతోనో రహస్య అంకెల పిన్నుతోనో కలిపే పద్ధతి) కూడా ఆపేయండి. దాని పిన్ను ఎనిమిది అంకెలే అయినా రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటిని సరిచూసే లెక్కకోసం పెట్టింది. అందువల్ల పది కోట్లు ప్రయత్నించాల్సిన చోట 11,000 చాలు. ఈ లొసుగు 2011లోనే బయటపడింది.

#13 · రాగితీగ

నిదానం గారూ, ఆ రౌటర్ యూఎస్‌బీ పోర్టులో హార్డ్‌డిస్క్ గుచ్చి ఉందా? యూఎస్‌బీ 3 కేబుల్ చిమ్మే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పరుచుకుంటుంది. 2012లోనే ఇంటెల్ దీని మీద పత్రం విడుదల చేసింది. ప్లగ్గు ఒకసారి కలిసి ఒకసారి పోతుంటే డిస్కు పీకి చూడండి, లేదా మెనూలో పోర్టుని యూఎస్‌బీ 2కి దించండి.

#14 · పైగది

పూర్తయినవి రాస్తున్నాను. పోర్టులు మంచివే, ప్యాచ్ కేబుల్‌తో 1000 చూపించింది. తీగ గీకితే లోపలా ఎర్రగానే ఉంది, రాగి. పై చివర ప్లగ్గులో గోధుమ తీగ పొట్టిగా తెగి పిన్ను దాకా చేరలేదు. మళ్ళీ క్రింప్ చేశాక లింకు 1000, పైన వైఫైలో 287. యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టాక ప్రింటర్ కనిపించింది. కింద 36, పైన 149. లాగ్‌లో పాత తేదీల్లో రాడార్ అన్న మాట ఐదుసార్లు దొరికింది, మార్చిన తర్వాత ఒక్కటీ లేదు. కింది బాక్సు 25 శాతానికి దించాక పై గదిలో −72, ఫోన్ మెట్ల మలుపులోనే మారుతోంది.

ఒకటి మిగిలింది. ఎవరైనా పెద్ద ఫైళ్ళు అప్‌లోడ్ పెడితే వీడియో కాల్ ముక్కలవుతుంది. స్పీడ్ టెస్ట్ మామూలుగానే ఉంటుంది.

#15 · ప్యాకెట్‌పరీక్ష

ముందు అది గాలిదో లైనుదో తేల్చాలి. అప్‌లోడ్ నడుస్తుండగా రెండు విండోల్లో పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం కొలిచే కమాండ్) పెట్టండి, ఒకటి 192.168.1.1కి, ఇంకొకటి ఇంటర్నెట్‌లోని 1.1.1.1కి. మొదటిది కూడా పెరిగితే ఇబ్బంది వైఫైలో. మొదటిది 2, 3 మిల్లీసెకన్ల దగ్గరే ఉండి రెండోది వందలకి ఎగిస్తే బయటి లైను క్యూలో.

#16 · పైగది

మొదటిది 3. రెండోది ఖాళీగా ఉన్నప్పుడు 9, అప్‌లోడ్ మొదలవగానే 340.

#17 · ప్యాకెట్‌పరీక్ష

బఫర్‌బ్లోట్. కింది బాక్సు పంపగలిగిన దానికన్నా ఎక్కువ ప్యాకెట్లు వస్తే పడేయకుండా పొడవాటి వరసలో నిలబెడుతుంది. మీ మాటల ప్యాకెట్ చిన్నదే, కానీ ఆ వరస చివరే నిలబడాలి. వేగం తగ్గదు కాబట్టి స్పీడ్ టెస్ట్‌లో దొరకదు. ప్లాన్ 1000కి పెంచినా అప్‌లోడ్ నిండితే మళ్ళీ ఇదే.

మందు ఎస్‌క్యూఎం, అంటే ఆ వరసని తెలివిగా నడిపే ఆప్షన్. కేక్ లేదా ఎఫ్‌క్యూ-కోడెల్ అన్న పద్ధతి ఉన్న రౌటర్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ కొలిచిన వేగంలో 90 శాతానికి కట్టాలి. అప్పుడు వరస ఆ బాక్సులో కాకుండా మన రౌటర్‌లో పేరుకుంటుంది. ఈ పద్ధతులు ఒక్కో ప్రవాహాన్ని విడి వరసలో పెట్టి వంతులవారీగా వదులుతాయి. పింగ్ 340 నుంచి 15, 20కి దిగిందా చూడండి. దిగితే 95 దాకా కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. ఎస్‌క్యూఎం పెట్టినప్పుడు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ప్యాకెట్లని ప్రాసెసర్ దాకా రానివ్వకుండా అడ్డదారిన పంపే సదుపాయం) ఆపాలి, లేకపోతే ప్యాకెట్లు దాన్ని తప్పించుకుని పోతాయి. పని మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి 300ని మోయలేని రౌటర్లూ ఉంటాయి.

ఇది ఇంటర్నెట్ గుమ్మం దగ్గర ఉండాలి. పై రౌటర్ ఇప్పుడు యాక్సెస్ పాయింట్, అక్కడ పెడితే కింది అంతస్తు అప్‌లోడ్ దాని చేతికి చిక్కదు. కింది బాక్సు మెనూలో లేకపోతే ఆ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించే మోడ్) పెట్టించి, వెనక ఎస్‌క్యూఎం ఉన్న సొంత రౌటర్ పెట్టాలి. ఈ దారంతటిలో కొనడానికి నిజమైన కారణం ఉన్న చోటు ఇదొక్కటే. బ్రిడ్జ్‌కి వెళ్ళాక కొన్ని సైట్లు తెరుచుకుంటూ కొన్ని తెల్ల పేజీ దగ్గర ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. పీపీపీఓఈ లాగిన్ (కొన్ని కనెక్షన్లకి యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లైను కలిపే పద్ధతి) 8 బైట్లు తింటుంది, కాబట్టి 1500 కాదు 1492. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1464 బైట్ల పింగ్ వెళ్ళి 1465 వెళ్ళకపోతే లెక్క సరిపోయినట్టు. మిగతా 28 హెడర్లవి.

ఇదంతా అయ్యేలోపు బ్యాకప్ యాప్‌లోనే అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టండి, లైను అప్‌లోడ్‌లో సగానికి. కాల్ వెంటనే కుదుటపడుతుంది.

#18 · పైగది

యాప్‌లో సగానికి కట్టాను, పింగ్ 12. చివరి ప్రశ్న: పై రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిస్తే వచ్చినవాళ్ళకి ప్రింటర్, ల్యాప్‌టాప్‌లు కనబడకుండా ఉంటాయా?

#19 · రాగితీగ

నమ్మకండి, పరీక్షించండి. రౌటర్ మోడ్‌లో గెస్ట్‌ని విడగొట్టే గోడ ఆ రౌటర్‌లోనే ఉంటుంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో చాలా మోడళ్ళలో ఆ గోడ ఉండదు, పేరు వేరు, నెట్‌వర్క్ ఒకటే. ఫోన్‌ని గెస్ట్‌కి కలిపి, వచ్చిన అడ్రస్ చూడండి. 192.168.1తో మొదలైతే అనుమానించాలి. ఆ ఫోన్ నుంచే 192.168.1.1, ప్రింటర్ అడ్రస్ రెండూ బ్రౌజర్‌లో తెరవండి. ఏదైనా ఒకటి తెరుచుకుంటే విభజన లేనట్టే. రెండు పెట్టెలూ వీల్యాన్ (ఒకే కేబుల్ మీద విడి నెట్‌వర్క్‌లు నడిపే పద్ధతి) ఎరిగినవైతే గెస్ట్‌కి వేరే వీల్యాన్ కట్టొచ్చు. కాకపోతే పైన గెస్ట్ ఆపేసి, కింది బాక్సులో మాత్రమే తెరవండి. దాని 2.4 స్లాబు దాటి పైకి కూడా కొంత అందుతుంది, అతిథులకి అది చాలు.